చెఱువులోని చదువు
మంచినీటి మత్స్య జీవావరణశాస్త్రమున రైతుబిడ్డలకు గల పరిశోధనావకాశములు



చెఱువు మన గ్రామమునకు రెండు పంటల నిచ్చుచున్నది. తూము వెలుపల వరి యొకటి. తూము లోపల చేప యొకటి. మొదటి పంటను గూర్చి మనకు చాల తెలియును. ఏ నేలకు ఏ విత్తనము తగునో, నాటు ఎన్నడు వేయవలెనో, ఏ తెగులునకు ఏ మందో మన మెఱుగుదుము. తెలియనిచో ఎవరి నడుగవలెనో యైన నెఱుగుదుము. రెండవ పంట విషయమున మాత్రము నేటికిని సగము చీకటిలోనే యున్నాము. సంఘమువారు సొమ్ము వెచ్చించి చేపపిల్లలను తెచ్చి విడుచుచున్నారు. కొన్ని నెలలకు వల వేయుచున్నారు. నడుమ నీటిలో జరిగిన దేమి? విడిచిన పిల్లలలో ఎన్ని బ్రతికినవి? ఒక యేడు వల బరువై, మఱుసటి యేడు తేలికగా వచ్చుటకు కారణ మేమి? వీనికి బదులు చెప్పగలవారు మన ప్రాంతములందు కొలదిమంది మాత్రమే.

ఈ ప్రశ్నలకు బదులు వెదకు శాస్త్రమే మంచినీటి మత్స్య జీవావరణశాస్త్రము. ఈ శాస్త్రమున డాక్టరేటు పట్టమునకై పరిశోధన చేయుటకు మన పిల్లలకు గల మార్గములను, అందలి కష్టములను, సంఘములు చేయదగిన సాయమును ఈ వ్యాసమున విన్నవించుచున్నాను.

నీటిలో నడచు వ్యవసాయము

వేసవి కడపటను, మబ్బులు పట్టిన దినములందును తెల్లవాఱుజామున చెఱువుగట్టు మీదికి పోయినవారు చేపలు గుంపులుగా నీటిపైకి వచ్చి నోళ్లు తెఱచి గాలి మ్రింగుట చూచియుందురు. ప్రొద్దెక్కునప్పటికి పెద్ద చేపలు వెల్లకిలబడి తేలును. ఎవరో విషము కలిపిరని పొరుగువారిపై ననుమానపడి తగవులకు దిగిన గ్రామములును గలవు. కొన్నిచోట్ల విషమే కారణము కావచ్చును గాని, పలుమాఱు కారణము వేఱు.

నీటికి పచ్చదన మిచ్చు సూక్ష్మ శాకములు చెఱువులో కోట్లకొలది యుండును. పగటివేళ అవి యెండను గ్రహించి ప్రాణవాయువును విడుచును. రాత్రివేళ ఎండ లేదు గావున క్రొత్త ప్రాణవాయువు పుట్టదు. పైగా చేపలును, ఆ శాకములును, అడుగున కుళ్లుచున్న ఆకు, పేడ మొదలగువానిలోని క్రిములును ఉన్నదానిని వాడుకొని బొగ్గుపులుసు గాలిని విడుచును. అందుచేత నీటిలోని ప్రాణవాయువు సాయంకాలమునకు మిక్కిలి యెక్కువగను, తెల్లవాఱుటకు ముందు మిక్కిలి తక్కువగను ఉండును. ముందటి దినము మబ్బు పట్టినచో సాయంకాలపు నిలువయే తక్కువ. లీటరు నీటిలో 5 మిల్లీగ్రాముల ప్రాణవాయు వున్నచో మన చేపలకు సుఖము. 3 మిల్లీగ్రాములకు దిగువకు జాఱినచో కష్టము. పేడ మితిమీఱి వేయుటచే నీరు చిక్కని పచ్చనైన చెఱువులకే యీ యాపద యెక్కువ. ఎరువు ఎక్కువైన పైరు పడిపోయినట్లే యిదియును.

ఇట్లు చేప నొక్కదానినే చూడక, నీరు, మట్టి, ఎండ, పాచి, పురుగు, పక్షి, మనుష్యుడు అను వీని పరస్పర సంబంధమును కలిపి చూచుటయే జీవావరణశాస్త్రము. మంచి రైతు తన పొలమును చూచెడి చూపే యిది. ఆ చూపునకు కొలతలు తోడైనచో శాస్త్రమగును.

పరిశోధనపట్ట మనగా నేమి?

డాక్టరేటు పట్టమునకై చేయు పరిశోధన యనగా పుస్తకములు వల్లించుట కాదు. ఇంతవఱకు ఎవ్వరును బదులు చెప్పని ప్రశ్న నొకదానిని చేపట్టి, యేండ్ల తరబడి కొలతలు తీసి, వచ్చిన బదులును పండితుల యెదుట నిలువబెట్టుకొనుటయే. ఇందునకు రెండు దృష్టాంతములు చెప్పెదను.

నీటిలోని ప్రాణవాయువును కొలుచు పద్ధతిని కనుగొన్నవాడు హంగేరీ దేశపు లాయోష్ వింక్లరు. బుడాపెస్టు నగరమున డాక్టరేటు కొఱకు చదువుచుండగా ఆయన చేసిన పని యది, 1888లో ప్రకటింపబడినది. బుడ్డిలో నీరు పట్టి రెండు మందులు కలిపినచో గోధుమవన్నె మడ్డి దిగును. ప్రాణవాయువు లేని నీటిలో ఆ మడ్డి తెల్లగానే యుండును. తరువాతి లెక్క మఱియొక మందుతో తేలును. ఒక విద్యార్థి కనిపెట్టిన యీ పరీక్ష నూటముప్పది యేండ్లు దాటినను ప్రయోగశాలలలో నేటికిని వాడుకలో నున్నది.

రెండవవాడు రైతుబిడ్డ. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున 1915లో సేద్యపు కుటుంబమున పుట్టిన రేమండ్ లిండెమన్. ఆయన తన పరిశోధనకు మహాసరస్సును గాని నదిని గాని యెన్నుకొనలేదు. సీడార్ బాగ్ అను, మీటరు లోతు మాత్రమే గల చిన్న మడుగును ఎన్నుకొని, భార్య యగు ఎలియనోర్ తోడ్పడగా అయిదేండ్లు దాని నీటిని, బురదను, మొక్కలను, పురుగులను తూచి లెక్క వ్రాసెను. 1941లో డాక్టరేటు పొందెను. ఎండనుండి శాకములకు, శాకములనుండి పురుగులకు, పురుగులనుండి చేపలకు పోవు శక్తి మెట్టుమెట్టునకు తఱుగుచు వచ్చునని ఆయన చూపెను. ఆయన వ్యాసమును పరిశీలించిన పెద్ద లిద్దఱు అది ప్రకటనకు తగదని తొలుత త్రోసిపుచ్చిరి. తుదకది 1942 అక్టోబరులో అచ్చయినది. అప్పటికి లిండెమన్ లేడు. ఆ యేడు జూన్ నెలలో, ముప్పదియేండ్లు నిండకయే, వ్యాధిచే మరణించెను. ఆ చిన్న మడుగు లెక్కయే నేడు లోకమంతటను జీవావరణశాస్త్రమునకు పునాదిఱాళ్లలో నొకటి.

ఈ లెక్క మన చెఱువునకును పనికివచ్చును. మోటులెక్కకు మెట్టు మెట్టునకు పదింట నొకపాలు మాత్రమే పైకి చేఱునని చెప్పుదురు. పాచిని, సూక్ష్మజీవులను తినెడి చేప మొదటి మెట్లలోనిది. చేపను తినెడి చేప పైమెట్టులోనిది. అందుచేతనే బొచ్చె, శీలావతి, ఎఱ్ఱమోసు చేపలను కలిపి పెంచుట లాభమగుచున్నది. బొచ్చె పైనీటిలోను, శీలావతి నడినీటిలోను, ఎఱ్ఱమోసు అడుగునను మేయును. ఒకే చెఱువులో మూడంతస్తుల పంట యన్నమాట.

మన దేశమున జరిగిన మేలు

ఒకప్పుడు ఈ చేపల పిల్లలకై నదుల వఱదలే దిక్కు. నిలువనీటిలో ఇవి గ్రుడ్లు పెట్టవు. వఱదనీటిలో పట్టిన పిల్లలలో ఏది మంచిజాతియో, ఏది చేపలను తినెడి జాతియో తెలియక రైతులు నష్టపడెడివారు. 1957 జూలై 10వ తేదీన ఒడిశాలోని అంగుల్ నందు హీరాలాల్ చౌధురి, ఆలికున్హి అను శాస్త్రజ్ఞులు చేప తలలోని పిట్యూటరీ గ్రంథి రసమును తల్లిచేపలకు సూదిద్వారా ఎక్కించి గ్రుడ్లు పెట్టించుటలో జయము పొందిరి. నేడు మన సంఘములు కొనెడి ప్రతి చేపపిల్లయు ఆనాటి పనికి ఋణపడియున్నది. 2001 నుండి ఆ తేదీని జాతీయ మత్స్యరైతు దినముగా జరుపుచున్నారు.

మన నీళ్లలో మిగిలియున్న ప్రశ్నలు

పిల్లలను పుట్టించుట తెలిసినది. విడిచిన నీటిలో వాని బ్రతుకు తెఱవే చాలవఱకు తెలియవలసియున్నది. మన ప్రాంతమున పరిశోధకుని కొఱకు కాచుకొనియున్న ప్రశ్నలలో కొన్ని యివి:

1. కొల్లేరు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ నున్న యీ సరస్సునకు బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీరు తెచ్చును. ఉప్పుటేరు సముద్రమునకు తీసికొనిపోవును. 1999లో ఇది పక్షి సంరక్షణస్థలముగా ప్రకటింపబడినది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలల రామ్సార్ పట్టికలో చేఱినది. 2006లో సరస్సులోని చేపలచెఱువుల గట్లు తెగగొట్టబడినవి. పక్షులకు ఎంత నీరు వలయును, జాలరికి ఎంత చేప వలయును, ఎగువ పొలములనుండి దిగివచ్చు ఎరువును మందును సరస్సు ఎంత భరించును? ఈ తగవులో ప్రతిపక్షమువారికిని అభిప్రాయములు గలవు. ఏండ్ల తరబడి తీసిన కొలతలే తీర్పునకు ఆధారము కాగలవు.

2. పులస. సముద్రమునుండి వఱదకాలమున గోదావరి కెదురీది గ్రుడ్లు పెట్ట వచ్చు చేప యిది. గంగానదిపై ఫరక్కా ఆనకట్ట 1975లో పనిచేయ నారంభించిన పిదప, దాని యెగువన ఈ జాతి చేప మిక్కిలి తగ్గిపోయినది. ధవళేశ్వరము దిగువ మన పులస ఎక్కడ గ్రుడ్లు పెట్టుచున్నది, పిల్లలు ఎప్పుడు సముద్రమునకు మఱలుచున్నవి, ఎప్పుడు వల ఆపినచో జాతి నిలుచును అనునవి పరిశోధింపదగినవి.

3. పరదేశపు జాతులు. జనులు క్యాట్‌ఫిష్ అని పిలుచు ఆఫ్రికాజాతి చేపను పెంచరాదని 2000లోనే ప్రభుత్వము నిషేధించినది. అయినను అది నీళ్లలో వ్యాపించినది. గాజుతొట్లలో పెంచుటకై తెచ్చిన సక్కర్ చేపయు చెఱువులలో చేఱి వలలను చింపుచున్నది. వీని రాకచే ఏ నాటుచేప యెంత తగ్గినది?

4. నాటుచేపలు. కొఱమేను, ఇంగిలాయి, జెల్ల, పరక మొదలగునవి పేదల కంచములోని బలము. పొలములనుండి దిగు పురుగుమందులు వాని గ్రుడ్లకు చేయు కీడెంత? ఏ గుంటలు వేసవిలో వానికి దాపు?

5. చెఱువుల పూడికతీత. తెలంగాణమున 2015లో మిషన్ కాకతీయ మొదలై వేలకొలది చెఱువులు బాగుపడినవి; 2016-17 నుండి ప్రభుత్వము చేపపిల్లలను పంచినది. ఏ చెఱువులో ఎకరమునకు ఎన్ని పిల్లలను విడువవలెను? అన్నిటికి నొకే లెక్క తగదు. ఒక్కొక్క చెఱువు నీటిబలమును బట్టి లెక్క కట్టవలెను.

చదువు మార్గము

ఇంటర్మీడియేటున జీవశాస్త్రము చదివిన బాలబాలికలకు రెండు త్రోవలు గలవు. మొదటిది, నాలుగేండ్ల మత్స్యశాస్త్ర పట్టము, పిమ్మట రెండేండ్ల ఉన్నతపట్టము. నెల్లూరు జిల్లా ముత్తుకూరునందును, వనపర్తి జిల్లా పెబ్బేరునందును మత్స్యశాస్త్ర కళాశాలలు గలవు. రెండవది, విశ్వవిద్యాలయములందు జంతుశాస్త్రము గాని నీటిజీవుల పెంపకశాస్త్రము గాని చదివి ఉన్నతపట్టము పొందుట.

ఉన్నతపట్టము పిదప పరిశోధనకు ప్రవేశము. మత్స్యశాస్త్ర కళాశాలల త్రోవన పోవువారికి భారత వ్యవసాయ పరిశోధన మండలి ప్రవేశపరీక్ష యుండును. విశ్వవిద్యాలయముల త్రోవన పోవువారికి జాతీయ అర్హతా పరీక్ష ముఖ్యము. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘమువారి 2022 నిబంధనల ప్రకారము ఉన్నతపట్టమున నూటికి 55 వంతుల మార్కులు వలయును. వెనుకబడిన తరగతులు, షెడ్యూలు కులములు, తెగలవారికి 5 వంతుల మినహాయింపు గలదు. పరిశోధన మూడేండ్లకు తక్కువ కారాదు, ఆరేండ్లకు మించరాదు. స్త్రీలకు మఱి రెండేండ్ల గడువును, 240 దినముల వఱకు ప్రసూతి సెలవును ఉన్నవి.

భోజనవసతుల మాట. జాతీయ పరీక్షలో పరిశోధక వేతనమునకు ఎన్నికైనవారికి 2023 జనవరి 1వ తేదీ నుండి మొదటి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు, పిదప 42,000 రూపాయలు చొప్పున నిర్ణయింపబడినది. ఇంటి అద్దె సాయము వేఱు. షెడ్యూలు కులములు, తెగలు, వెనుకబడిన తరగతుల వారికి ప్రత్యేక పరిశోధక వేతనములును గలవు. ప్రవేశము దొరకిన వారందఱికి వేతనము దొరకదని మాత్రము గుర్తుంచుకొనవలెను. ఈ రెండును వేఱువేఱు.

పరిశోధన చేయు స్థానములు

ముంబయిలోని కేంద్ర మత్స్యవిద్యా సంస్థ 1961లో వెలసి, 1989లో విశ్వవిద్యాలయ హోదా పొందినది. డాక్టరేటు పట్టములను తానే యిచ్చును. మన కాకినాడలో దానికి శాఖ గలదు. నదులు, సరస్సులు, జలాశయముల పరిశోధనకు 1947లో స్థాపింపబడిన సంస్థ పశ్చిమబెంగాలునందలి బారక్‌పూరున నున్నది. చెఱువుల పెంపకమునకు భువనేశ్వరము చెంత కౌసల్యగంగలో కేంద్రసంస్థ యున్నది. దాని ప్రాంతీయ కేంద్రము విజయవాడలో గలదు. విశాఖపట్టణము, తిరుపతి, గుంటూరు, వరంగల్, హైదరాబాదు విశ్వవిద్యాలయములందలి జంతుశాస్త్ర శాఖలును పరిశోధకులను చేర్చుకొనును.

పరదేశములకు పోదలచువారికి స్కాట్లండునందలి స్టిర్లింగు, నెదర్లాండ్సునందలి వాగెనింగెన్, అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయములును, జర్మనీలో బెర్లిను నగరమందలి మంచినీటి జీవావరణ సంస్థయు ప్రసిద్ధములు. అమెరికాలో పరిశోధక సహాయకులకు సాధారణముగా ఫీజు తగ్గింపును, నెలజీతమును ఇత్తురు. నెదర్లాండ్సున పరిశోధకస్థానము జీతముగల కొలువువంటిదే. పరిశోధనస్థానము ఆచార్యునితో నేరుగా ఉత్తరప్రత్యుత్తరములు జరిపి సంపాదింపవలసినది. దళారికి సొమ్మిచ్చి కొనునది కాదు. పొలము తాకట్టుపెట్టి యిట్టివారి చేతిలో పోయకుడని తల్లిదండ్రులను మఱిమఱి కోరుచున్నాను.

తల్లిదండ్రులకు మనవి

గ్రామములు తిరుగునప్పుడు నేను వినెడి మాట యొకటే: “ఇంత చదువు చదివి మళ్లీ చెఱువుగట్టుకేనా, అయ్యగారూ?” ఆ మాటలో నిజమైన దుఃఖము గలదు. బిడ్డను చదివించుట బురదనుండి తప్పించుటకే యని నమ్మి, కడుపు కట్టుకొని చదివించినవారు వీరు. తోటివారి కుమారుడు ఇరువది రెండవయేట జీతము తెచ్చుచుండగా, తమ బిడ్డ ముప్పదవయేటికి సమీపించుచు సీసాలలో చెఱువునీరు పట్టుచుండుట చూచి వీరి మనసు కలతపడుట తప్పుగాదు.

వారికి నేను తీపిమాటలు చెప్పను. పరిశోధకవేతనము కొన్నిచోట్ల నెలల తరబడి ఆలస్యమగును. మార్గదర్శకుడు మంచివాడు కానిచో కాలము వ్యర్థమగును. కావున చేరుటకు ముందే ఆయనవద్ద పూర్వము పనిచేసినవారిని విచారింపవలెను. పట్టము చేతికి వచ్చినంతనే కొలువు సిద్ధముగా నుండదు. పరిశోధన సంస్థలు, కళాశాలలు, మత్స్యశాఖ, హేచరీలు, మేత కర్మాగారములు, వీనిలో ఎచ్చటనైన స్థానము వెదకుకొనవలెను. అప్పులున్న యిల్లు, జీతము వెంటనే రానిదే నడువని యిల్లు అయినచో, వేతనము నిశ్చయమైన పిదపనే బిడ్డను ఈ త్రోవకు పంపుట మేలు.

అయినను ఈ పనికి మన బిడ్డలే ఏల తగుదురో చెప్పవలసియున్నది. నగరమున పెఱిగిన విద్యార్థికి మొదటి యేడంతయు చెఱువును తెలిసికొనుటకే చాలదు. మన బిడ్డకు తూము నీటిచప్పుడు తెలియును. ఏ కార్తెలో చేప యెదురెక్కునో తాతవలన విన్నది. ఒకే చేపకు ఊరూరను మాఱు పేళ్లు తెలియును. జాలరితో మాటలాడునప్పుడు దుబాసి యక్కఱలేదు. బడిలో నేర్వరాని యీ విద్యను ముందుగానే గడించిన బిడ్డ, కొలతలు నేర్చినచో, మన నీళ్లను గూర్చి మన మేలెంచి మాటలాడగలడు. కొమార్తెల విషయమును ఇట్లే చూడవలెను. చేపను శుభ్రపఱచి, ఎండబెట్టి, అమ్మెడి పనిలో స్త్రీలకు గల యనుభవము ఈ శాస్త్రమున గొప్ప పెట్టుబడి.

సంఘములు చేయదగిన పనులు

1. చెఱువు పుస్తకము నుంచవలెను. విడిచిన పిల్లల జాతి, లెక్క, తేదీ; పట్టిన చేపల జాతి, తూకము; నీటిమట్టము; చేపలు తేలిన దినములు, వీనిని వ్రాయవలెను. ఇంగ్లండులోని విండర్మియర్ సరస్సులో యుద్ధకాలపు ఆహారమునకై 1941లో బోనులతో చేపలు పట్టుట మొదలిడి, లెక్క వ్రాయుట మానలేదు. ఆ లెక్కలే తరువాత తరముల శాస్త్రజ్ఞులకు నిధియైనవి. మన గుమాస్తా వ్రాసిన పుస్తకము రేపు ఒక పరిశోధకునికి రెండేండ్ల శ్రమ తప్పింపగలదు.

2. తెలుపు నలుపు రంగులు వేసిన పళ్లెము నొకటి చేయించి త్రాడు కట్టి నీటిలోనికి దింపి, అది కనుమఱుగగు లోతును పక్షమున కొకమాఱు వ్రాయవలెను. ఇటలీ దేశపు సెచ్చి 1865లో వాడుకలోనికి తెచ్చిన సాధన మిది. ఖర్చు స్వల్పము. లోతు నానాటికి తగ్గుచున్నచో నీరు చిక్కనగుచున్నదని యర్థము. పేడ వేయుట ఆపవలెను.

3. పరిశోధక విద్యార్థి వచ్చినచో పడవను, జాలరి సాయమును ఇచ్చి, తెల్లవాఱుజామున నీరు పట్టవలసిన యాడుపిల్లలకు తోడు నేర్పఱుపవలెను. అందునకు బదులుగా, ఫలితములను తెలుగులో వ్రాసి సంఘసభలో చదువవలెనని ముందుగనే ఒడబడిక చేసికొనవలెను. మన చెఱువు లెక్క మనకు తెలియకుండ పోరాదు.

4. జీవశాస్త్రమున చుఱుకైన బిడ్డను గుర్తించి, పరీక్షల రుసుము, పుస్తకములు, రాకపోకల వ్యయమునకు సంఘ విద్యానిధి నుండి సాయము చేయవలెను. పెద్ద మొత్తము అక్కఱలేదు. వేళకు అందిన చిన్న మొత్తమే పరీక్ష తప్పిపోకుండ కాపాడును.

సోదరులారా, కాకతీయుల కాలమున పాకాల, రామప్ప చెఱువులను త్రవ్వించినవారు తమ జీవితకాలమునకై త్రవ్వింపలేదు. నీటిని నిలుపు విద్యను వారు మన కిచ్చిపోయిరి. ఆ నీటిలోని ప్రాణిని కాపాడు విద్యను మన బిడ్డలు నేర్చుకొనవలసియున్నది. ఈ యేడు ప్రతి సంఘమును చెఱువు పుస్తకము నొకదానిని తెఱచి, చదువుకొను బిడ్డ నొకరిని గుర్తించినచో, ఆ పని యారంభమైనట్లే.